మిరప కల్లంలో ఆరిన పుస్తకాలు

మా ఊరి శాఖా గ్రంథాలయంలో, దినపత్రికలు చదువుకునే బల్లకు ఎదురుగా, గోడ మీద ఒక అభినందన పత్రం వేలాడుతూ ఉంటుంది. బంగారు రంగు చట్రం, గులాబీల అంచు, పైన అద్దం. తుఫానులో మునిగిన ఈ గ్రంథాలయాన్ని ఒక మహానాయకుడు తన అమృతహస్తాలతో కాపాడాడని, ఒక్క పుస్తకం కూడా పోకుండా రేయింబవళ్ళు శ్రమించాడని, ఊరు ఊరంతా ఆయనకు తరతరాలపాటు కృతజ్ఞతతో తలవంచుతుందని అందులో ఉంది. భాష బాగుంటుంది. సంధి ఎక్కడా తప్పలేదు. ఆ సంగతి నాకు గట్టిగా తెలుసు, ఎందుకంటే దాన్ని రాసింది నేనే.

అందులో నిజం ఒక్కటే. తుఫాను వచ్చింది.

అచ్చులో ఉన్న ప్రతిదాన్నీ నమ్మి పెరిగిన మనిషిని నేను. ఏడో తరగతితో బడి మానేశాక నాకు తెలిసిందంతా ఆ గది బీరువాల్లోంచి వచ్చిందే. అందువల్ల అద్దం వెనక ఉన్న కాగితానికి ఎంత బలం ఉంటుందో నాకు తెలుసు. ఇంకో ఇరవై ఏళ్ళకు నావంటి వాడొకడు ఆ బల్ల దగ్గర కూర్చుని, తల పైకెత్తి చూసి, ఆ పత్రాన్ని అక్షరం పొల్లుపోకుండా నోటుబుక్కులో ఎక్కించుకుంటాడు. అదే మా ఊరి చరిత్ర అయిపోతుంది. దాన్ని రాసిన చేతితోనే అసలు జరిగింది కూడా రాసిపెట్టాలి కాబట్టి ఇది రాస్తున్నాను.

నాది మందు కొట్టే పంపులు బాగుచేసే కొట్టు. మిరప, పత్తి పండే మా వైపు ఊళ్ళలో మనిషికి జ్వరమొస్తే రేపు చూద్దాంలే అంటారు గాని, పంపు ఆగితే ఆ పూటే పరిగెత్తుకొస్తారు. కాబట్టి నాకు పని ఉంటుంది. కొట్టుకూ గ్రంథాలయానికీ మధ్య ఒకటే గోడ. గ్రంథపాలకుడు మూడు ఊళ్ళకు కలిపి ఒక్కడే, మంగళవారం, శుక్రవారం వస్తాడు. మిగతా రోజుల్లో తాళంచెవి నా దగ్గర ఉంటుంది. పెట్రోలు చేతులతో పుస్తకం ముట్టుకోకూడదని సబ్బుతో కడుక్కుని మరీ లోపలికి వెళ్తాను. ఎడమ బీరువా పై అర నుంచి కుడి బీరువా కింది అర దాకా రెండుసార్లు చదివాను. తేనెటీగల పెంపకం మీద ఉన్న పుస్తకమైతే మూడుసార్లు. మా పొలాల్లో తేనెటీగ కనబడి చాలా ఏళ్ళయింది. దానికి నేను బాగుచేసే పంపులే కారణమని కూడా ఆ పుస్తకంలోనే తెలుసుకున్నాను.

ఈ గది ఒకప్పుడు రోడ్డుకు రెండు మెట్లు ఎత్తున ఉండేది. ఊరికి వచ్చిన ప్రతి నాయకుడూ పాత సిమెంటు రోడ్డు మీదే కొత్త సిమెంటు రోడ్డు పోయించి, పక్కన ఒక శిలాఫలకం పాతించి వెళ్ళాడు. రోడ్డు పెరుగుతూ పోయింది, గది ఎక్కడిదక్కడే ఉంది. ఇప్పుడు లోపలికి మూడు మెట్లు దిగాలి. మా ఊరి అభివృద్ధిని కొలవాలనుకున్నవాళ్ళు ఆ మెట్లు లెక్కపెట్టుకుంటే సరిపోతుంది.

తుఫాను వస్తుందని టీవీల్లో మూడు రోజుల ముందే చెప్పారు. దాని గురించి నాకు తెలిసినంత మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. మన వైపు సముద్రాల్లో తుఫాను గాలులు గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతాయని, నడిమధ్యలో కన్ను ఉంటుందని, అక్కడ గాలి స్తంభించిపోతుందని టీ కొట్టు దగ్గర చేతులు తిప్పి మరీ వివరించాను. పత్తి రైతు ఒకాయన టీ తాగడం ఆపి ఓపిగ్గా విన్నాడు.

"ఏ దిక్కున తిరిగితే మనకేందయ్యా? నా చేలో నీళ్ళు ఏ దిక్కున బయటికి పోతయ్యో చెప్పు," అన్నాడు.

అది నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. ఇంతా తెలిసిన నేను చేయాల్సిన ఒక్క పని మాత్రం చేయలేదు. కింది అరల్లో ఉన్న పుస్తకాలను పై అరల్లోకి ఎక్కించలేదు.

ఆదివారం పట్టిన వాన మంగళవారం తెల్లవారి వదిలింది. నల్లరేగడి నేల, నీళ్ళు తాగాల్సినంత తాగి ఇక నావల్ల కాదన్నట్టు పైకి వదిలేసింది. పగిలిన పత్తి కాయల్లో దూది తడిసి ముద్దయి, లోపలి గింజ చెట్టు మీదే మొలకెత్తింది. పిందె పడుతున్న మిరప మొక్కలు మోకాటి లోతు నీళ్ళలో తలలు వేలాడేశాయి. రెండు రోజుల్లో కాలవలు తీసి నీళ్ళు పంపకపోతే వేరు కుళ్ళుతుందని ఊరంతా పారలు పట్టుకుని పొలాల్లోకి దిగింది. మనిషి ప్రాణం మాత్రం ఒక్కటీ పోలేదు. అందుకు ఎవరి దేవుడికి వాళ్ళు దండం పెట్టుకున్నారు. ఆ దండంలో మాత్రం నటన లేదు. నేను కూడా పెట్టుకున్నాను, తాళంచెవి జేబులో వేసుకుని.

మూడు మెట్లు దిగి తలుపు తోస్తే నీళ్ళు నా కంటే ముందు బయటికి రావాలని చూశాయి. కింది అరలు రెండూ మునిగి ఉన్నాయి. మూడో అరకు అడుగు భాగం తడిసింది. నేలమీద పడ్డ పుస్తకాలు కొన్ని పొట్టలు ఉబ్బి తేలుతున్నాయి. గ్రంథపాలకుడికి ఫోను చేశాను.

"సార్, పుస్తకాలు తడిశాయి."

"ఎన్నండి?"

"సగం పైనే ఉంటాయి."

ఆయన గొంతు తగ్గించి, "సగం పైన అని ఇంకెవరితోనూ అనకండి. పాఠకులు తక్కువున్న శాఖలు ఎత్తేయాలని జాబితా తయారైంది. మీ ఊరు అందులో ఉంది. ఒక కారణం కోసం చూస్తున్నారంతే. పది రోజుల్లో పై ఆఫీసరు గారు తనిఖీకి వస్తారు. కనీసం సగం పుస్తకాలు చదవడానికి పనికొచ్చేలా ఉంటే సరే. లేకపోతే బీరువాలు ఎత్తుకెళ్ళి మండలంలో కలిపేస్తారు," అన్నాడు.

మండల కేంద్రం మాకు పదహారు కిలోమీటర్లు. పంపులు పక్కన పడేసి పుస్తకం కోసం పదహారు కిలోమీటర్లు వెళ్ళొచ్చే మనిషిని కాను. ఆ గది మూతపడితే నేను మళ్ళీ ఏడో తరగతివాణ్ణే. ఇది నలుగురిలో చెప్పుకునే దుఃఖం కాదు. పక్క మనిషి అయిదెకరాల మిరప నీళ్ళలో ఉంటే, నా కథల పుస్తకాలు తడిశాయండీ అని ఏ ముఖంతో అంటాం?

అందుకే ఎవర్నీ అడగకుండా నా చదువునే అడిగాను. ఎప్పుడో ఒక విజ్ఞాన పత్రికలో చదివింది గుర్తొచ్చింది. పెద్ద పెద్ద దేశాల్లో గ్రంథాలయాలు మునిగితే తడి పుస్తకాలను వెంటనే గడ్డకట్టిస్తారట. అలా చేస్తే బూజు పట్టదట, తర్వాత తీరిగ్గా ఆరబెట్టుకోవచ్చట. మా ఊళ్ళో గడ్డకట్టించే యంత్రం లేదు గాని, మెయిన్ రోడ్డు మీద మిరపకాయలు దాచే కోల్డ్ స్టోరేజీ ఉంది. నా తెలివికి నేనే మురిసిపోయి, బుధవారం తడి పుస్తకాలన్నీ గోనె సంచుల్లో కూరి, గాలి దూరకుండా మూతులు బిగించి కుట్టి, ఆటోలో వేసుకుని అక్కడికి వెళ్ళాను.

వాచ్‌మన్ సంచిని బూటుతో కదిపి చూశాడు.

"ఏందయ్యా ఇయ్యి?"

"పుస్తకాలు. గడ్డకట్టించాలి."

"ఇది ఐసు ఫ్యాక్టరీ కాదు. కాయ రంగు పోకుండా చల్లగా పెడతాం, అంతవరకే. తడి సంచి లోపల పెడితే పక్కనున్న సరుకంతా బూజు పట్టదా? ఎవరు చెప్పారు నీకు?"

"పత్రికలో చదివాను."

"అయితే ఆ రాసినాయన ఇంటికే తీసకపో. ఫ్రిజ్జులో సర్దుతాడు."

సంచులు మళ్ళీ ఆటో ఎక్కి వచ్చి నా కొట్టు అరుగు మీద కూర్చున్నాయి. కుట్లు కూడా విప్పలేదు. రేపు ఇంకో కోల్డ్ స్టోరేజీకి వెళ్ళి చూద్దామనుకున్నాను.

గురువారం పొద్దున్నే మేస్త్రమ్మ వచ్చింది. చర్చి వీధి ఆడకూలీల ముఠాకు ఆమె మేస్త్రి. పత్తి తీయాలన్నా, మిరపకాయ కోయాలన్నా, కోసిన కాయ కల్లంలో ఆరబెట్టి తాలు ఏరాలన్నా, పన్నెండు మందిని ఆటో ఎక్కించుకుని ఆమె వస్తేనే పని. తాలు అంటే రంగు చెడిన కాయ. దాన్ని కంటితో చూడకుండా వేళ్ళతోనే పట్టేస్తుందని పేరు. ఆ వారమంతా కాలవలు తీసి తీసి అరచేతులకు గుడ్డలు కట్టుకుని ఉంది. అరుగు మీది సంచులు చూసి ఆగింది.

"ఏంది అన్నా, ఈ తడిలో పత్తి కొన్నావా?"

"పత్తి కాదు, పుస్తకాలు."

సంచి కుట్టు ఒకటి తెంపి, మోచేతి దాకా చెయ్యి లోపలికి దూర్చింది. మిరపకాయ సంచిని అలాగే చూస్తారు. చెయ్యి బయటికి తీసి నా చేతి మీద పెట్టింది. వెచ్చగా ఉంది.

"వేడెక్కినయ్యి. తడి సరుకు ఎవరైనా మూట కడతారా? రేపటికి బూజు, ఎల్లుండికి కంపు. ఇన్ని చదివావు, ఈ మాత్రం తెలవదా?"

"గడ్డకట్టిద్దామని..."

"గడ్డ కట్టింది నీ బుర్ర. ముందు మూతులిప్పు."

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆరేళ్ళ కిందట ఇదే మేస్త్రమ్మ పనిలోంచి వస్తూ గ్రంథాలయం గుమ్మం దగ్గర నిలబడి, పెద్ద అక్షరాల కథల పుస్తకం ఏదైనా ఇంటికి ఇస్తారా అని అడిగింది. సభ్యత్వం ఉండాలన్నాను. ఎట్టా అంది. ఊళ్ళో సొంత ఇంటి పన్ను కట్టే మనిషి ఎవరైనా హామీ సంతకం పెట్టాలని నియమావళి చదివి వినిపించాను. అప్పటికి ఆమె ఇంటి పన్ను రసీదు ఎవరి పేరున ఉందో ఎవరికీ తెలియదు. "మాకెవరు పెడతారులే," అని వెళ్ళిపోయింది. నేను ఇంటి పన్ను కడతాను. నేను పెట్టవచ్చని నాకు ఆ రోజు తట్టలేదు. నియమావళిలో మాత్రం ఒక్క పదం తప్పు చదవలేదు.

చర్చి వీధి చివర మిరప కల్లం ఉంది. చదును చేసి గట్టిపరిచిన మెరక నేల. వాన వెలిసి రెండు రోజుల ఎండ తగిలేసరికి పైన ఆరింది. కాయ కోతకు ఇంకా నెల పైన పడుతుంది కాబట్టి ఖాళీగా ఉంది. మేస్త్రమ్మ ముఠాను కేకేసింది. ఇళ్ళలోంచి బరకాలు వచ్చాయి. బరకాలంటే కాయలు ఆరబోసుకునే పెద్ద పట్టాలు. పోయినేడాది దుమ్ము, గింజలు వాటికి అలాగే అంటుకుని ఉన్నాయి. సరిగ్గా పరిచే వేళకు ఒక ఆసామి దగ్గర్నుంచి ఫోను వచ్చింది. తడిసిన పత్తి ఆ రోజే తీయించాలట.

మేస్త్రమ్మ గొంతు మార్చింది. "అయ్యగారూ, ఇయ్యాల కుదరదండి. చర్చిలో కృతజ్ఞత కూడిక ఉందండి. తుఫాను దాటించినందుకండి... అవునండి, పగలేనండి. పెద్ద కూడికండి."

ఫోను పెట్టగానే అడిగాను. "అబద్ధం ఆడావేంటి మేస్త్రమ్మా?"

"అబద్ధమెందుకైద్ది? సాయంత్రం ఉంది కూడిక. మేం పొద్దున్నించే మొదలుపెట్టాం."

నా కోసం ఎందుకు పని మానుకుంటున్నారని కూడా అడగబోయాను. ఆమెకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. "కళ్ళ ముందు సరుకు కుళ్ళతంటే చూసుకుంటా పోతామా?" అంది. అంతకు మించి కారణం ఆ రోజూ చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు.

పుస్తకాలను కాయల్లాగే ఆరబెట్టారు. ఒకదాని మీద ఒకటి పడకుండా పలచగా నిలబెట్టారు, పుటలు విసనకర్రలా విప్పారు. గంటకోసారి వరసగా నడుచుకుంటూ తిరగేశారు. ఎండ మరీ చుర్రుమన్నప్పుడు పలచటి చీరలు కప్పారు, అట్టలు వంకర పోకుండా. పొద్దు వాలకముందే పోగు చేసి, మంచు దిగకుండా బరకాలు కప్పి అంచుల మీద రాళ్ళు పెట్టారు. ఇదంతా ఏ పత్రికలోనూ రాలేదు. రాసి ఉంటే నేను చదివేవాణ్ణి.

నా పని పేర్లు రాసుకోవడం. బాగుపడేవి ఒక వైపు, తాలు ఒక వైపు. ముందు నేనే ఏరతానన్నాను. పావుగంట చూసి నన్ను పక్కకు జరిపేశారు. "ఈయన ప్రతిదీ బాగానే ఉందంటాడే," అంది ఒకామె. ముఠాలో ఇద్దరు ముగ్గురికి చదువు వచ్చు. పుట విప్పినప్పుడల్లా కంటబడిన వాక్యం గట్టిగా చదివేవాళ్ళు. ఒకామె చేతికి ఆదర్శ స్త్రీ లక్షణాల మీద ఒక పాత పుస్తకం వచ్చింది.

"ఉత్తమ గృహిణి సూర్యోదయానికి పూర్వమే చిరునవ్వుతో నిద్ర లేవవలెను," అని చదివింది. "చిరునవ్వు ఎందుకు అత్తా?"

"పత్తికి పోయే పని లేదేమో ఆమెకి."

"తర్వాత?"

"భర్త లేచే లోపల ముంగిట ముగ్గు తీర్చి, అలంకరించుకుని..."

"తాలులో పడెయ్యవే దాన్ని."

"తడవలేదు అత్తా, గట్టిగా ఉంది."

"తడవకపోయినా తాలే."

నేను పుస్తకం జాతి, వర్గం, విలువ గురించి మాట్లాడబోయాను. అప్పుడే తుమ్ము వచ్చింది. బరకాల మీది కారం పుటల్లోకి ఎక్కుతోందని నాకు అప్పుడు తెలిసింది. వాళ్ళకు అలవాటే గనక ఎవరికీ పట్టలేదు. మూడు రోజులు నేను తుమ్ముతూనే పేర్లు రాశాను. తేనెటీగల పుస్తకం తాలులో పడింది. దాన్ని దొంగతనంగా మళ్ళీ ఇవతలికి పెట్టాను. ఎవరో చూసి మళ్ళీ అవతలికి పెట్టారు. మూడోసారి మేస్త్రమ్మే తీసి, కుట్టు విప్పి, పుటలు విడివిడిగా ఆరేసింది. "పెట్టుకో, ఏడవబాక," అంది.

శనివారం ఆ పత్రంలోని నాయకుడు వచ్చాడు. మా ఊరి వరకు చెప్పాలంటే తుఫానుకు కంటే ఆయన రాకకు ఏర్పాట్లు బాగా జరిగాయి. ముందు ఒక డ్రోను వచ్చి నీళ్ళను ఫోటో తీసింది. తర్వాత ఫ్లెక్సీ వచ్చింది. తర్వాత రొట్టె పొట్లాలు, ఆ పైన ఆయన. ఇచ్చిన టీ చల్లారేంతసేపు ఉన్నాడు. కారు తిరిగేచోట కల్లం కనిపించి, "అవేంటి?" అన్నాడు. పుస్తకాలన్నారు. దిగి, ఒక పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు.

"వంచొద్దు సారూ, ఇంకా ఆరలేదు," అని మేస్త్రమ్మ అరిచింది.

ఆయన పుస్తకం వైపు చూసి నవ్వాడు. ఫోటో తీశారు. సాయంత్రానికి ఊరి వాట్సాప్ గ్రూపులో ఆ ఫోటో వచ్చింది. కింద 'అక్షరాలకు అండగా' అని ఉంది. మేస్త్రమ్మ భుజం వరకు ఉంది. ముఖం కత్తిరించారు.

మర్నాడు మాజీ సర్పంచి నా కొట్టుకు వచ్చాడు. మేమిద్దరం ఏడో తరగతి దాకా ఒకే బెంచీ. ఆయన ఆ తర్వాత కూడా చదివాడు, అందుకని పుస్తకాల జోలికి రాలేదు.

"ఏరా, నీ లైబ్రరీ ఉండాలా, వద్దా?"

"ఉండాలి."

"అయితే మనం కృతజ్ఞతాభినందన సభ పెడతన్నాం. నువ్వు పత్రం రాస్తన్నావు. లైబ్రరీని ఆయనే కాపాడినట్టు రాయి. వేదిక మీద చదువు. ఆయన పొంగిపోయి పైకి ఒక ఉత్తరం రాస్తాడు. నీ బీరువాలు ఎవడు కదిలిస్తాడో చూద్దాం."

"ఆయన కాపాడలేదు కదరా."

"నువ్వు చదివిన కథలన్నీ జరిగినయ్యా ఏంది? రాయి."

తుఫాను నుంచి కాపాడుకున్న పుస్తకాలు ఆ ఎత్తేసే జాబితాకు బలైపోతాయన్న భయం ఉంది నాకు. రాశాను. రాస్తున్నప్పుడు, నిజం చెప్పాలంటే, సంతోషంగా కూడా అనిపించింది. నలభై ఏళ్ళుగా పోగేసిన మాటలన్నిటికీ ఒక్కసారి పని దొరికింది. 'అమృతహస్తాలు' అన్నప్పుడు చేతులు ఎవరివో మర్చిపోయాను.

సభ ఘనంగా జరిగింది. తుఫానులో పంచిన దుప్పట్ల కంటే ఆ పూట కప్పిన శాలువాలు ఎక్కువ. వందన సమర్పణ చాలా సేపు సాగింది. నాయకుడికి, నాయకుడి వెంట వచ్చినవాళ్ళకు, వాళ్ళ వెంట వచ్చినవాళ్ళకు, మైకు సెట్టుకు, షామియానాకు, ఫ్లెక్సీ వేసినాయనకు, తుఫాను సంగతి ముందుగా చెప్పిన టీవీకి, వాన ఆపిన వరుణదేవుడికి ధన్యవాదాలు చెప్పారు. రొట్టె పొట్లాలు మోసిన ఇద్దరిలో ఒకడి పేరు ముందు చదివారని రెండోవాడు అలిగి వెళ్ళిపోతే, బతిమాలి తీసుకొచ్చి మళ్ళీ మొదటి నుంచి చదివారు. నేను పత్రం చదివాను. చప్పట్లు మోగాయి. కల్లంలో పుస్తకాలు తిరగేసినవాళ్ళు పన్నెండు మందీ వెనక నేల మీద కూర్చుని ఉన్నారు. వాళ్ళు కూడా కొట్టారు చప్పట్లు. సభలో కొడతారు కదా.

అయిపోయాక మేస్త్రమ్మ నా దగ్గరికి వచ్చింది. కోపంగా లేదు. అదే నాకు ఇబ్బందైంది.

"బాగా చదివావన్నా. నాకు ఒకటే అర్థం కాలా."

"ఏంటి?"

"మా బరకాలు కూడా ఆయనే పరిచాడా?"

నేను ఏదో అన్నాను. లైబ్రరీ ఉండాలంటే తప్పలేదని, ఉత్తరం వస్తుందని, మీ మేలు నా మనసులో ఉందని. "మనసులో ఎందుకు, అక్కడే రాయకపోయావా," అని ముఠాతో వెళ్ళిపోయింది.

పై ఆఫీసరు గారు చెప్పినట్టే పదో రోజున, శుక్రవారం వచ్చారు. అప్పటికి ఉత్తరమేదీ రాలేదు. గ్రంథపాలకుడు, నేను చేతులు కట్టుకుని నిలబడ్డాం. ఆయన మొదటి బీరువా తెరిచారు, ఒక పుస్తకం తీశారు, పుట విప్పారు, గట్టిగా తుమ్మారు. రెండోది తీశారు. మళ్ళీ తుమ్మారు. జేబురుమాలు ముక్కుకు పెట్టుకుని పట్టుదలగా మూడు బీరువాలూ చూశారు. పుటలు అలలు తిరిగి ఉన్నాయి, అక్కడక్కడా ఎర్రటి మరకలున్నాయి. కానీ అక్షరం చెదరలేదు, అతుక్కున్న పుట లేదు, బూజు చుక్క లేదు.

"ఏమిటండీ ఈ ఘాటు?" అన్నారు.

మిరప కల్లంలో ఆరబెట్టామని చెప్పాను. ఎవరు అని అడిగారు. గోడ మీద పత్రం అప్పటికే వేలాడుతోంది. ఆయన చూపు దాని మీదికి వెళ్తోంది. ఆ ఒక్కసారికి నేను దాని కంటే ముందు నోరు తెరిచాను. "చర్చి వీధి మిరపకాయల ముఠా అండి. ఆ పత్రం నేను రాశాను, అది నమ్మకండి," అన్నాను.

ఆయన పత్రం చదివారు, నన్ను చూశారు, కళ్ళు తుడుచుకున్నారు. కారం వల్లే. "ఈ పుస్తకాలకు ఇక చెద పట్టదు," అని చెప్పి, రిజిస్టరులో 'ముప్పాతిక వంతు చదవదగినవి, శాఖ కొనసాగించవచ్చు' అని రాసి సంతకం చేశారు. బయటికి వెళ్ళేటప్పుడు మూడు మెట్లూ ఎక్కి, "ఇది ఎందుకింత లోతుగా కట్టారండీ?" అని అడిగారు. నేను శిలాఫలకాలు చూపించాను.

నాయకుడి ఉత్తరం కూడా వచ్చింది, ఆ తర్వాత మూడు వారాలకు. పక్క ఊరి గ్రంథాలయాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ మూసివేయరాదని అందులో గట్టిగా ఉంది. పక్క ఊరికి గ్రంథాలయం లేదు.

అదే వారం సభ్యత్వ ఫారాలు ఒక కట్ట తీసుకుని చర్చి వీధికి వెళ్ళాను. హామీదారు సంతకం ఉండే చోట ముందే నా సంతకం పెట్టి ఉంచాను. ముఠాలో ఐదుగురు చేరారు. మేస్త్రమ్మ పెద్ద అక్షరాల జానపద కథల పుస్తకం ఒకటి తీసుకెళ్ళి వారానికి తిరిగి తెచ్చింది. ఎలా ఉందన్నాను. "రాజు నాలుగు పుటలకోసారి అడివికి పోతాడు, అక్కడ కూలోళ్ళు ఎవరూ కనపడరు. ఇంకోటి ఇయ్యి," అంది.

పత్రాన్ని గోడ మీద నుంచి తీయలేదు. తీస్తే మాజీ సర్పంచి ఇంకా పెద్దది చేయిస్తాడు. దాని కింద బల్ల మీద ఈ కాగితాలు కుట్టి, అట్ట వేసి, వరస సంఖ్య ఇచ్చి పెడతాను. పత్రం చదివినవాళ్ళు కళ్ళు దించితే ఇది కనబడాలి.

ఇక వందన సమర్పణ. పేర్లతో రాద్దామని కల్లానికి వెళ్తే అందరూ ఒకేసారి వద్దన్నారు. పేర్లు రాస్తే పగటి పూట కృతజ్ఞత కూడికకు ఎవరెవరు వెళ్ళారో ఆ ఆసామికి తెలిసిపోతుందట. మళ్ళీ సీజనుకు పని కావాలి కదా అన్నారు. కాబట్టి కల్లంలో వాళ్ళు ఒకరినొకరు పిలుచుకునే తీరులోనే చెప్తున్నాను. తమ ఇంట్లో ఉన్న ఒక్క మంచి బరకం తెచ్చి, మంచు కింద వదిలిన పెద్ద వదినకు. పుటలు చిరగకుండా చీపురు పుల్లతో విడదీసిన పొట్టి పిన్నికి. చీర కప్పి, ఆ చీరకు అచ్చు సిరా అంటుకున్నా నవ్వేసిన కొత్త కోడలికి. ఆదర్శ స్త్రీని తాలులో వేసిన అత్తకు, ఆమె తప్పు చేయలేదు. గట్టిగా చదివి వినిపించిన అక్కాచెల్లెళ్ళకు. రాళ్ళు మోసిన ముగ్గురు తోడికోడళ్ళకు. నా తుమ్ములు లెక్కపెట్టి వెక్కిరించిన అవ్వకు. సాయంత్రం కూడికలో, దేవుడికి కృతజ్ఞత చెప్పేటప్పుడు 'మా పుస్తకాలు ఆరనిచ్చినందుకు' అని ఒక మాట కలిపిన చిన్నమ్మకు. అప్పటికి అవి వాళ్ళ పుస్తకాలు కావు. ఇంకొకామె కూడా ఉంది, మూడు రోజులూ ఒక్క మాట మాట్లాడలేదు, ఆమె ఏం చేసిందో చెప్పాలంటే అన్నీ చెప్పాలి.

తడి సంచిలో చెయ్యి పెట్టిన మేస్త్రమ్మకు చివర్లో చెప్తున్నాను. అక్కడే రాయకపోయావా అని అడిగావు. ఇక్కడ రాశాను.